మెట్ల మీద కూర్చున్న మనిషి

వికారాబాద్‌లో మా ఇంటికి కొంచెం దూరంలో ఒక గ్రంథాలయం ఉంది. బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లేదాన్ని. రిటైరయ్యాక ఒక్కదాన్నే వెళ్లి పేపరు చదువుకుని వచ్చేదాన్ని. ఆ మధ్య దాని వెనకగదిని, విరిగిన బల్లలూ చెదలు పట్టిన పాత గెజిట్లూ పడేసి ఉంచే గదిని, ఖాళీ చేయించి సున్నం కొట్టించి, పాత చిత్రాలూ ఫొటోలూ పెట్టే బొమ్మల గదిగా మార్చారు. ఆ పని నెత్తిన వేసుకున్నది అక్కడికి కొత్తగా బదిలీ అయి వచ్చిన గ్రంథపాలకురాలు. బంట్వారం దిక్కు అమ్మాయి. చురుకైన పిల్ల.

బొమ్మలు రెండు చోట్ల నుంచి వచ్చాయి. ఒక వకీలు గారి వారసులు ఆయన పోగుచేసిన పాత అచ్చుబొమ్మల్ని ఇచ్చారు. ఒకప్పుడు అనంతగిరి గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో పనిచేసిన ఒక డాక్టరు గారికి ఫొటోలు తీసే సరదా ఉండేదట. హైదరాబాద్‌లో ఆయన ఇల్లు అమ్ముకునేటప్పుడు పిల్లలు ఆ ఫొటోల పెట్టెల్ని ఇక్కడికి పంపారు. చిక్కేమిటంటే, వాటిలో చాలావాటి వెనక ఒక్క అక్షరం కూడా రాసి లేదు. ఎక్కడివో, ఎవరివో చెప్పేవాళ్లు కావాలి.

"మేడం, మీకు తెల్వని గల్లీ ఉండదు. జర వచ్చి చూడుండ్రి. మీరు చెప్పింది నేను రాసుకుంట" అంది ఆ అమ్మాయి.

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనం కాగానే వెళ్లేదాన్ని. చేతులకు తెల్లటి నూలు తొడుగులు ఇచ్చేది. ఫొటోను అంచులతోనే పట్టుకోవాలి, మధ్యలో వేలు తగలకూడదు. ఒక్కో బొమ్మకూ నడుమ పల్చటి కాగితం వేసి ఉండేది. దాన్ని పక్కకు తీసిన ప్రతిసారీ, ఏమొస్తుందో తెలియని ఆత్రం. చిన్నప్పుడు కూడా అంత ఆత్రంగా ఏదీ చూసినట్టు గుర్తులేదు నాకు.

ముందు అచ్చుబొమ్మలు చూశాం. ఎవరో దొర గీసిన అనంతగిరి ఒకటి ఉంది. మన గుట్టల్ని మంచుకొండలంత ఎత్తు పెంచి, వాటి కింద కొబ్బరిచెట్లు నాటాడు.

"గీ కొబ్బరిచెట్లు ఏడికెల్లి వచ్చినయి మేడం?" అంది ఆ అమ్మాయి.

"దొరకు ఎక్కడో కనబడి ఉంటాయి, తెచ్చి ఇక్కడ పెట్టుకున్నాడు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తాండూరులో బండలు తీసే గని బొమ్మ ఇంకొకటి. అందులో పలకలు మోస్తున్న ఆడవాళ్లకు చీర కట్టించడం రాక దుప్పటి చుట్టినట్టు చుట్టేశాడు ఇంకో చిత్రకారుడు.

తర్వాత డాక్టరు గారి ఫొటోలు. వాటిని చూసి నవ్వడానికి ఏమీ లేదు, అంత శ్రద్ధగా తీశాడాయన. వికారాబాద్ స్టేషన్‌లో కూజాలతో నీళ్లమ్మేవాళ్లు. తాండూరు అంగట్లో మనిషెత్తు కందుల రాశులు, వాటి ముందు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్న రైతులు. కోట్‌పల్లి దారిలో బురదలో దిగబడిన జీపు. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. ఆ అమ్మాయి అన్నీ రాసుకుంది.

మూడో పెట్టె తెరిస్తే అందులో అన్నీ ఆసుపత్రి ఫొటోలే. చెట్ల మధ్య పొడుగాటి పెంకుటి కట్టడాలు, వరండాలో వరసగా ఇనుప మంచాలు, మంచాల మీద కంబళ్లు కప్పుకున్న ఆడవాళ్లు. రెండు ఫొటోలు చూసి పెట్టె మూసేశాను.

"ఏమైంది మేడం?"

"రేపు చూద్దాం" అన్నాను. ఆ వార్డులోనే మా చిన్నమ్మ చనిపోయింది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. వాళ్లది తాండూరు. తాతకు అంగడి దగ్గర పప్పుల దుకాణం ఉండేది. ఇద్దరు ఆడపిల్లల తర్వాత ఒక మగపిల్లవాడు, మా మేనమామ. అమ్మ పెళ్లయి వికారాబాద్ వచ్చేసింది. నేను పుట్టి, ఇంకా ఒళ్లో ఉన్నప్పుడే చిన్నమ్మకు దగ్గు మొదలైంది. అప్పటికి ఆమెకు సంబంధం కూడా కుదిరింది. దగ్గులో రక్తం పడేసరికి ఆ సంబంధం తప్పిపోయింది. ఎవరో దూరపు బంధువు తీసుకొచ్చి గుట్ట మీది ఆసుపత్రిలో చేర్పించాడు.

మా మిద్దె ఎక్కితే ఆ గుట్ట కనబడేది. చెల్లెలు అంత దగ్గర్లో ఉన్నా అమ్మ ఒక్కసారి కూడా వెళ్లలేకపోయింది. చంటిపిల్లతో ఆ రోగం దగ్గరికి పోతే మళ్లీ ఇంట్లోకి రానివ్వనని మా నాయనమ్మ తెగేసి చెప్పింది. పదిమంది ఉన్న ఇంట్లో కొత్తకోడలు ఎదురుచెప్పే రోజులు కావవి. అందుకని అమ్మ తన తండ్రి మీద ఆశ పెట్టుకుంది. తాండూరు నుంచి గుట్టకు రావాలంటే వికారాబాద్‌లోనే రైలు దిగాలి. మా ఇల్లేమో స్టేషన్ దారిలోనే. చెల్లెల్ని చూడటానికి వస్తే ఆయన తప్పకుండా తననూ చూసే పోతాడు, చెల్లెలు ఎట్లుందో చెప్తాడు అనుకుంది. తాండూరు బండి వచ్చే వేళకు నన్నెత్తుకుని వాకిట్లో నిలబడేదట. ఆ ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి, చలికాలమూ వచ్చింది. ఆయన ఒక్కనాడూ మా గడప తొక్కలేదు. మళ్లీ వానలు పడే రోజుల్లో చిన్నమ్మ పోయిందని కబురొచ్చింది. ఆమె బట్టలూ పక్కా అన్నీ కాల్చేశారు. ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు.

అమ్మ ఇదంతా ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు. తాత మాట వస్తే మాత్రం ఒకే మాట అనేది: "కన్నబిడ్డ సావుబతుకుల మీద ఉంటె రైలెక్కి రాని మనిషి, ఆయనేం తండ్రి?" ఆ తర్వాత ఇక ఆ ముచ్చట నడిచేది కాదు.

పండుగలకు తాండూరు వెళ్లేవాళ్లం. అమ్మ తమ్ముడితో మాట్లాడేది, ఇరుగుపొరుగుతో మాట్లాడేది. తండ్రి దుకాణం అరుగు మీద కూర్చుని ఉంటే ఆయన పక్కనుంచే నడిచి లోపలికి పోయేది. తిరిగి వచ్చేటప్పుడు నన్ను పంపేది: "పోయి మీ తాతకు చెప్పు, మేం పోతున్నమని." నేను వెళ్లి చెప్పేదాన్ని. ఆయన తల ఊపి, నాకోసం బెల్లం ముక్క చేతికివ్వకుండా పక్కనున్న రాతిపలక మీద పెట్టి, "తీస్కో బిడ్డా" అనేవాడు. తాతకు నేనంటే ఇష్టం లేదనుకునేదాన్ని.

ఆ సాయంత్రం అన్నం తింటున్నప్పుడు అమ్మకు పెట్టె సంగతి చెప్పాను. ఇప్పుడామెకు ఎనభై దాటాయి. మోకాళ్లు సరిగ్గా లేవు, ఇల్లు కదలదు. చూపు మాత్రం ఇంకా బాగానే ఉంది. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"దాని ఫొటో ఉన్నదా?"

"తెల్వదమ్మా. మొహం చూస్తే నేనెట్ల గుర్తుపడతా?"

"నన్ను తీస్కపో" అంది.

మర్నాడు ఆటోలో తీసుకెళ్లాను. గ్రంథపాలకురాలు తన కుర్చీయే తెచ్చి వేసింది. భూతద్దం ఇచ్చింది. అది పట్టుకుని వంగి చూడటం అమ్మకు కష్టమవుతోందని, ఫొటోల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి తెర మీద పెద్దవి చేసి చూపించింది. అమ్మ ఒక్కో ముఖాన్నీ చూసేది. "ఇది కాదు. దాని గదమ కోసుగ ఉంటది" అనేది. "ఇది పెద్దది." "దీనికి పెండ్లయింది, మెట్టెలు చూడు." కొన్ని ముఖాల దగ్గర చాలాసేపు ఆగేది. కానీ ఆ మంచాల మీద ఉన్నవాళ్లంతా చిక్కిపోయి, కంబళ్లలో మునిగిపోయి, ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నారు.

"గింత చిక్కినంక నేనన్న గుర్తుపడతనా?" అంది ఒకరోజు.

అయినా రావడం మానలేదు. రోజూ మధ్యాహ్నం నాకంటే ముందే చీర మార్చుకుని కూర్చునేది. చిన్నమ్మ మాత్రం దొరకలేదు. పెట్టె అడుక్కి వచ్చేసరికి నాకే భయం పట్టుకుంది, ఇక లేదని అమ్మకు ఎలా చెప్పాలా అని.

అప్పుడు వచ్చింది ఆ ఫొటో. రోగుల్ని చూడవచ్చిన చుట్టాలు వార్డు బయట రాతిమెట్ల మీద కూర్చున్నారు. చేతుల్లో సద్దిమూటలు, ఇత్తడి డబ్బాలు. అందరూ కెమెరా వైపు బిగుసుకుని చూస్తున్నారు. పై మెట్టు చివర కూర్చున్న ఒకాయన మాత్రం పక్కకు తిరిగి ఎటో చూస్తున్నాడు. అందుకే ఆయన ముఖం సగమే పడింది. కుడికాలు ముందుకు చాపుకుని, తలరుమాలు తీసి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

ఆడవాళ్లెవరైనా చిన్నమ్మలా ఉన్నారా అని నేను చూస్తున్నాను. అమ్మ చెయ్యెత్తి తెర మీద వేలు పెట్టింది.

"జర పెద్దగ చేయి బిడ్డా."

ఆ అమ్మాయి పెద్దది చేసింది. పెద్దది చేసేకొద్దీ ముఖం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. మళ్లీ చిన్నది చేయమంది అమ్మ.

"నాయన" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవరి నాయన?"

"మా నాయన."

"ఇంత మసకగా ఉంది గదమ్మా, ఎట్ల చెప్తవు?"

"కూసున్న తీరు చూడు. చిన్నప్పుడు బండి మీదికెల్లి పడ్డడు, ఆ మోకాలు వంగది. ఏడ కూసున్నా గా కాలు చాపుకునే. గుడికి పోయినా సావింటికి పోయినా రుమాలు తీసి ఒళ్లె పెట్టుకుంటడు."

కాలు చాపుకుని కూర్చునేవాళ్లు, రుమాలు ఒళ్లో పెట్టుకునేవాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది ఉండరు? ఆ మాట నా నోటిదాకా వచ్చింది. కానీ అమ్మ మొహం చూసి ఊరుకున్నాను. గ్రంథపాలకురాలు ఆ ఫొటోకు ఒక నకలు తీసి, మడత పడకుండా అట్టలో పెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ పడుకుంది. టీ పెట్టి ఇస్తే చల్లారిపోయేదాకా అలాగే వదిలేసింది. పొద్దున లేవగానే నా దగ్గరికి వచ్చి అంది: "తాండూరుకు పోదాం. తమ్ముణ్ని అడగాలె."

"ఫోన్ చేద్దామమ్మా, నీ మోకాళ్లతో—"

"గిది ఫోన్ల అడిగే ముచ్చట కాదు."

రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. కంది చేలు పూతమీద ఉన్నాయి, ఎర్రటి నేల మీద పసుపు చల్లినట్టు. తాండూరు దగ్గరపడుతుంటే బండలు కోసే మిషన్ల చప్పుడూ, ఆకుల మీద పేరుకున్న తెల్లటి దుమ్మూ. అమ్మ ఏదీ చూడటం లేదు. ఒళ్లో ఉన్న అట్టను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

మేనమామ ఇప్పుడు దుకాణానికి పోడు. కొడుకు పప్పుమిల్లు నడుపుతున్నాడు. కోడలు సేడం పిల్ల. మేం వెళ్లేసరికి వాకిట్లో నిలబడి ఫోన్‌లో వాళ్లమ్మతో కన్నడంలో మాట్లాడుతోంది. మమ్మల్ని చూసి గబగబా లోపలికి తీసుకెళ్లింది. మామ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏమక్కా, చెప్పకుండ వచ్చినవు? అంత మంచిదేనా?"

అమ్మ మంచినీళ్లు కూడా ముట్టకుండా అట్ట తెరిచి ఫొటో ఆయన చేతికిచ్చింది. "గీ ఆఖర్ల కూసున్నది ఎవరు, చెప్పు."

మామ కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఏడిదిది?"

"గుట్ట మీది దవాఖాన."

మామ ఫొటో ఒళ్లో పెట్టుకున్నాడు. కోడలు టీ తెచ్చి పెట్టి వెళ్లింది.

"గీ ఫొటోల ఉన్నది నాయనో కాదో నేను చెప్పలేనక్కా" అన్నాడు చివరికి. "మొహం సరిగ కానొస్తలేదు. కని నాయన పోయిండు. గది నాకు ఎరుకే."

"ఏడికి పోయిండు?"

"దవాఖానకు. చిన్నక్కను చూసెతందుకు. ఒక్కసారి కాదు, నెలనెలా పోయెటోడు."

నేనే అడిగాను: "మరి ఇంట్లో తెలియదా మామా?"

"తెలిస్తె పోనిస్తరా బిడ్డా? మా నాయనమ్మ ఉండె గద. 'రోగం ఇంటికొచ్చిందని ఊరికి తెలిస్తె మన పప్పు ఎవడు కొంటడు, దుకాణం మూసుకునుడే' అని రోజు ఒకటే లొల్లి. అందుకే వికారాబాద్ అంగడికి పోతున్న అని చెప్పెటోడు. దుకాణం నాకు అప్పజెప్పి పోయెటోడు. ఎవ్వరికీ చెప్పనని నాతోటి ఒట్టేయించుకున్నడు. లోపలికి పోనియ్యకపోయెటోళ్లంట. మెట్ల మీద కూసునేటోడు, చిన్నక్క వరండలకొచ్చి నిలబడేదంట. గట్లనే చూసుకొని, సద్దిమూట ఆయా చేతికిచ్చి మల్ల బండికి వచ్చెటోడు."

"వికారాబాద్‌ల దిగిండు" అంది అమ్మ. "మా ఇంటి ముందలికెల్లి పోయిండు."

"పోలే అక్కా. స్టేషన్ వెనకకెల్లి చుట్టు తిరిగి పోయెటోడు. నేనడిగిన, అక్కను చూసి రావొద్దా అని. 'ఆ రోగం కాడ కూసొని పోయి పసిపిల్ల ఉన్న ఇంట్ల కాలు పెడతనారా' అన్నడు. 'వాకిట్ల నిలబడ్డా బిడ్డను ఎత్తుకోకుండ ఉంటనా' అన్నడు."

ఆ పసిపిల్లను నేను. టీ గ్లాసు కేసి చూస్తూ కూర్చున్నాను.

అమ్మ తమ్ముడి మంచం అంచు పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదురా? ఇన్నేండ్లు... ఒట్టయితె ఒట్టు, ఆయన పోయినంకనన్న చెప్పొద్దా?"

మామకు కోపం వచ్చింది. ముసలితనంలో వచ్చే, గొంతు వణికే కోపం.

"ఎట్ల చెప్పాలె? నాయన పేరెత్తితె లేచిపోతుంటివి. దినాల నాడు చెప్దామని నీ ఎనక ఎనకనే తిరిగిన. 'నాకేం చెప్పకు' అన్నవు. యాదికి లేదా?"

"ఉన్నది" అంది అమ్మ.

"నేను ఆయనకూ చెప్పిన, అక్కతోటి నువ్వే ఒక మాట చెప్పరాదా అని. 'పోయిన, చూసిన, ఇంటికి తేలేకపోయిన. గింతే గద, ఏముంది చెప్పెతందుకు' అన్నడు. నువ్వు అడగకపోతివి, ఆయన చెప్పకపోయె. నడుమ నేనేం చేద్దు?"

బయట మిల్లు చప్పుడు. తర్వాత అమ్మ మెల్లగా అడిగింది. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. అడగకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

"ఆఖర్ల నా కోసం అడిగిండా?"

తాత పోయేనాటికి నాకు పన్నెండేళ్లు. మామ తాండూరు నుంచి వచ్చి, నాయన చూడాలంటున్నాడు రమ్మంటే, మా తమ్ముడికి జ్వరమని చెప్పింది అమ్మ. వాడికి నిజంగానే జ్వరం. కానీ ఇంటినిండా మనుషులున్నారు. ఆమె వెళ్లేసరికి అంతా అయిపోయింది.

మామ అబద్ధం చెప్పలేదు. "అడిగిండు. బండి వచ్చిన చప్పుడైనప్పుడల్ల అడిగిండు, వచ్చిందా అని. వస్తున్నది అన్న."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగుతో మొహం ఒకసారి తుడుచుకుని, చల్లారిన టీ తాగింది. "చిన్నదాని కాడికి ఆఖరిసారి ఎప్పుడు పోయిండు?" అంది.

"అది పోకముందు వారమే. పెసరుండలు తినబుద్ధయితున్నది అన్నదంట. చేయించి డబ్బల పెట్టుకున్నడు, పోదామని. నడుమనే కబురొచ్చింది."

అన్నం తిని వెళ్లమని కోడలు బతిమాలితే తిన్నాం. వచ్చేటప్పుడు మామ గుమ్మందాకా వచ్చాడు. అమ్మ ఆయన భుజం మీద చెయ్యేసి, "నీ తప్పేం లేదురా" అంది. ఆయన అప్పుడు ఏడ్చాడు.

తిరుగు రైల్లో అమ్మ ఫొటో మళ్లీ బయటికి తీసింది.

"ఎటు చూస్తున్నడో చూడు" అంది.

అందరూ కెమెరాను చూస్తుంటే ఆ మనిషొక్కడే పక్కకు, కొంచెం పైకి చూస్తున్నాడు. ఆ పక్కన ఏముందో ఫొటోలో పడలేదు. మిగతా ఫొటోల్ని బట్టి అటు వైపు వరండానే ఉండాలి.

"అది అటు నిలబడి ఉన్నది" అంది అమ్మ.

ఉందో లేదో నాకు తెలియదు. అసలు ఆ మనిషి తాతో కాదో మామకే తెలియలేదు. అయినా "అవునమ్మా" అన్నాను. తాత బెల్లం ముక్క నా చేతికివ్వకుండా పలక మీద పెట్టడం గుర్తొచ్చింది. ఆ ఆసుపత్రి రోజుల భయం ఆయన్ని అన్నేళ్లూ వదల్లేదేమో. లేదా ఆయన తీరే అంతేనేమో. ఇప్పుడు ఎవర్ని అడిగి తెలుసుకోవాలి?

కొన్నాళ్లకు గ్రంథాలయంలో ఆ ఫొటో కింద ఏం రాయాలని అడిగింది ఆ అమ్మాయి. మీ తాతగారి పేరు రాస్తాను మేడం అంది. నేను అమ్మను అడిగాను.

"పేరు వద్దు" అంది అమ్మ. "నేను తప్పు చూసిననేమో. ఇంకెవరి నాయననో అయితె, వాళ్లు వచ్చి చూసుకుంటె? నా నాయనకు చేసింది చాలు, ఇంకొకరి నాయనకు చేయొద్దు."

బిడ్డను చూడటానికి వచ్చిన ఒక తండ్రి అని రాయించింది. ఆడబిడ్డనో, కొడుకునో, పెళ్లాన్నో, అది కూడా మనకు తెలియదు గదమ్మా అన్నాను. "బిడ్డనే" అంది.

చిన్నమ్మ కోసం మిగతా పెట్టెలు కూడా వెతికాం. దొరకలేదు. ఒకరోజు గుట్ట మీదికి పోదామా, కారు మాట్లాడతాను అన్నాను. ఇప్పుడు ఆదివారాల్లో ఆ దారంతా హైదరాబాద్ నుంచి వచ్చే కార్లే. అమ్మ కాసేపు ఆలోచించింది. "ఇప్పుడు పోయి ఎవరిని చూడాలె?" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు నేను.

ఒక మార్పు మాత్రం వచ్చింది. అరవై ఏళ్లకు పైగా తండ్రి పేరెత్తనివ్వని అమ్మ ఇప్పుడు తనంతట తనే ఆయన ముచ్చట్లు చెప్తోంది. కూరగాయలు తరుగుతూ చెప్తుంది, టీవీ చూస్తూ మధ్యలో చెప్తుంది. కర్ణాటక నుంచి వచ్చే బేరగాళ్లతో కన్నడంలో బేరమాడి, బేరం చెడితే ఉర్దూలో తిట్టేవాడట. జాతరకు పోతే ఇద్దరు బిడ్డల్ని రెండు భుజాల మీద ఎక్కించుకునేవాడట, ఆ వంగని మోకాలితోనే. పచ్చి కందికాయలు తెచ్చి ఉప్పునీళ్లలో ఉడికించి తనే వొలిచి పెట్టేవాడట. చిన్నమ్మ గింజలన్నీ తిని పొట్టు అక్క ముందు పెడితే, చూసీ చూడనట్టు నవ్వేవాడట.

మొదట్లో రోజుకొకటి కొత్తది చెప్పేది. తర్వాత చెప్పినవే మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. అన్నీ తన పెళ్లికి ముందువే. మొన్న ఒక మధ్యాహ్నం, ఇద్దరం చింతపండు పిక్కలు తీస్తున్నప్పుడు అడిగాను.

"పెళ్లయినంక తాత ఎట్ల ఉండేటోడమ్మా? ముసలితనంల ఏం చేస్తుండె? ఎవరితోటి కూసునేటోడు?"

అమ్మ చెయ్యి ఆగింది. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది, అది నాకు కనబడుతూనే ఉంది. పండుగలకు వెళ్లినప్పుడల్లా ఆ అరుగు పక్కనుంచే నడిచింది కదా, ఏదో ఒకటి ఉండాలి.

"తెల్వదు బిడ్డా" అంది చాలాసేపటికి. "నేను చూడలే."